రాయికి మడి

ఒక రాయిని ఎన్ని రకాలుగా చంపవచ్చో చూడాలనుకుంటే, ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న మన తెలుగువాడి గ్యారేజీలోకి ఓ శనివారం పొద్దున తొంగిచూడండి. అమెరికాలో డాలస్ శివారైనా సరే, ఎడిసన్ అయినా సరే. కారు బయట ఎండలో ఉంటుంది. దాని చోట బూడిదరంగు ప్లాస్టిక్ చెత్తడ్రమ్ము ఉంటుంది. పేరుకే చెత్తడ్రమ్ము, పుట్టిన దగ్గర్నుంచీ చెత్త మొహం చూసి ఎరగదు. అందులో పాత రాళ్లు. ఈ సరదా మీద విరక్తి పుట్టి ట్యాంకుతో సహా అన్నీ తెగనమ్ముకున్న ఎవరో మహానుభావుడి దగ్గర చవగ్గా దొరికినవి. ఏడాదిపాటు ఆయన షెడ్డులో ఎండి, పాలిపోయి, ఎండునాచు చారికలతో, వేలెడేసి సున్నపు గొట్టాలతో, ఒక సందులో ఇరుక్కుపోయిన చిన్న పీత డొక్కతో ఉన్నాయి. డ్రమ్ము ముందు గృహస్థు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లకు పెద్ద అద్దాలు, ముక్కుకు మాస్కు.

ఆ దరిదాపులకు పిల్లలు రాకూడదు. చేతికి లోషన్ రాసుకున్న ఇల్లాలు డ్రమ్మును తాకకూడదు. సబ్బు తగిలిన బకెట్ పనికిరాదు. కుళాయి నీళ్లు అసలే కూడదు. ఆర్వో పొర దాటి, ఆపైన డీఐ గొట్టం దాటి, టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించిన నీళ్లే వాడాలి. ఒకటి చూపిస్తే పారబోయాలి. ఈయనే చిన్నప్పుడు తెనాలిలో అమ్మమ్మ తడిబట్ట కట్టుకుని వంటింట్లో తిరుగుతుంటే, ముట్టుకుంటే ఏమవుతుందో చూద్దామని కొంగు లాగి పారిపోయినవాడు. ఇంజనీరింగులో చేరాక మడి మూఢాచారమని ఆవిడకే ఉపన్యాసం ఇచ్చినవాడు. ఆవిడ మడికి ఒక గుణముండేది, పన్నెండయ్యేసరికి విస్తట్లో అన్నం పడేది. ఈయన మడిలో ఆరు నెలలైనా ట్యాంకులో చేప పడదు.

నా గొడవ శుభ్రత మీద కాదు. పీత డొక్కతో సహా రాళ్లను తెచ్చి చేపల మధ్య పడేయమని ఎవరూ అనరు. నా గొడవల్లా ఆ వరస మీద. రాయిలో ఉన్న ప్రతి ప్రాణినీ ముందు వెతికి వెతికి చంపాలి. తర్వాత రాయిలో ప్రాణం లేదని బెంగపడాలి. ఆ బెంగ తీర్చుకోవడానికి ప్రాణాన్ని సీసాల్లో కొనాలి. ఇదంతా చేసినవాడు మొహంలో నవ్వన్నది లేకుండా 'ఇది సైన్సు' అంటాడు.

అసలు ఆ రాయికి అంత విలువ ఎందుకొచ్చిందో చూడండి. పగడపు జీవులు తరతరాలుగా కట్టుకుంటూ పోయిన కాల్షియం కార్బనేటు గూళ్లవి. రసాయనం చూస్తే మన పిడుగురాళ్ల సున్నపురాయికీ వాటికీ పెద్ద తేడా లేదు. కట్టుబడిలోనే ఉంది తేడా అంతా. పిడుగురాళ్ల రాయి గట్టి ముద్ద. పగడపు రాయి నిండా సందులు, అరలు, సొరంగాలు. పైపొరల్లో ఆక్సిజన్ ఆడేచోట ఒక జాతి బాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో జాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి అరల్లో మూడో రకం కాపురముండి ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువు చేసి గాల్లోకి పంపించేస్తుంది. కరెంటు అక్కర్లేదు, మార్చాల్సిన గుడ్డలు లేవు, చప్పుడు లేదు.

ఈ రాయి పనితనాన్ని ట్యాంకులో పెట్టి చూపించినవాళ్లలో ముందువాడు ఇండోనేసియాకు చెందిన లీ చిన్ ఎంగ్. సముద్రపు నీళ్లు, సముద్రంలోంచి తీసిన బతికున్న రాళ్లు, కాసిని గాలి బుడగలు ఉంటే చాలని 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. ఆ తర్వాత బెర్లిన్ ఔత్సాహికులు దానికి నురగ తీసే స్కిమ్మరునీ, గట్టి దీపాలనీ జోడించారు. వాళ్ల ఊరి పేరే ఆ పద్ధతికి వచ్చింది. 1994లో డెల్బీక్, స్ప్రంగ్ అనే ఇద్దరు రాసిన 'ది రీఫ్ అక్వేరియం' పుస్తకంతో ఆ మాట అమెరికాలో ఇంటింటికీ చేరింది. అప్పటినుంచి 'లైవ్ రాక్' అంటే పిచ్చి. తడి న్యూస్‌పేపర్లలో చుట్టి, విమానమెక్కించి, కిలోల లెక్కన అమ్మేవారు. ఎన్ని పురుగులు, ఎన్ని నాచులు, ఎన్ని పేరు తెలియని జీవులు పాకుతుంటే అంత మేలురకం రాయి. అడిగినంత ధర.

దిబ్బలు తరిగిపోతుంటే ప్రభుత్వాలు ఊరుకోలేదు. ఫ్లోరిడా తన జలాల్లోంచి ఈ రాయి తవ్వడాన్ని 1989లోనే నిషేధించింది. అక్కడి ఫెడరల్ జలాల్లో 1997 నుంచి ఆగిపోయింది. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా పంపే దేశాల్లో ఒకటైన ఫిజీ 2017 చివర్లో ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. కొత్త రాయి దొరకడం కష్టమయ్యాక షెడ్లలో, అటకల మీద పడున్న పాత రాయికి కాలం కలిసొచ్చింది. ఇది మంచిదే. సముద్రంలో దిబ్బ పగలగొట్టేకంటే పక్కవాడి షెడ్డు ఖాళీ చేయడం వెయ్యిరెట్లు నయం. కాకపోతే ఒకప్పుడు ఏ ప్రాణుల కోసం కిలోకింత అని డబ్బు పోశారో, ఇప్పుడు వాటి పేరు చెబితేనే వణుకు. అన్నిటికంటే ఐప్టేషియా అంటే. అదో గాజుముక్కలాంటి చిన్న సముద్రపు పువ్వు. దాని ముక్క మిగిలినా మళ్లీ పిలకలేస్తుంది, నాలుగు నెలల్లో ట్యాంకంతా తనదే అంటుంది. దాన్ని చూసి భయపడడంలో తప్పులేదు.

కాని అయ్యా, షెడ్డులో ఏడాది ఎండిన రాయి మీద ఐప్టేషియా ఎక్కడుంది? సముద్రజీవి అది. నీరు లేకపోతే పోతుంది. దాని పిల్లలూ పోతారు, దాన్ని తినే రొయ్యా పోతుంది, పోటుగాడినని విర్రవీగే ముళ్లపురుగూ పోతుంది. ఎండిన రాయిని పురుగుల భయంతో బ్లీచ్‌లో నానబెట్టడమంటే పోయినవాళ్లను మళ్లీ చంపడమే. రెండోసారి చావడం వాళ్ల చేత కాదు. అయినా మన గృహస్థు ఊరుకోడు. 'ఏమో, గుడ్డు దశలో ఏదైనా ఉంటే?' అంటాడు. ఉంటే ఏమవుతుందో తర్వాత చూద్దాం. ముందు బ్లీచ్.

బ్లీచ్ పనికిమాలినదని నేనన్లేదు. సందుల్లో ఎండిపోయిన స్పంజీలూ పురుగులూ నీళ్లు తగలగానే కుళ్లి గబ్బు లేస్తాయి. వాటిని కాల్చేయడంలో బ్లీచ్‌ది అందెవేసిన చెయ్యి. గట్టి బ్రష్‌తో తోమి, ఒకటి రెండు రోజులు పలచటి బ్లీచ్ నీళ్లలో ఉంచి, కడిగి, హైపో వేసి విరిచి, ఎండలో ఆరబెడితే పని అయిపోయింది. హైపో అంటే ఏదో కొత్త మందు కాదు. వెనకటి ఫొటో స్టూడియోల చీకటిగదుల్లో వాడిన సోడియం థయోసల్ఫేటే. ఈ కడుగుడంతా కుళాయి నీళ్లతో కానివ్వచ్చు. లీటరు శుద్ధజలం కోసం మూడు నాలుగు లీటర్లు డ్రైనేజీ పాలుచేసి, ఆ శుద్ధజలాన్ని బ్లీచ్‌లో కలపడం ఏ శాస్త్రంలో ఉందో నాకు దొరకలేదు.

అక్కడితో ఆగితే ఈ వ్యాసం అక్కర్లేదు. బ్లీచ్ అయ్యాక వెనిగర్. వెనిగర్‌తో తృప్తి తీరక యాసిడ్. అమెరికాలో మ్యురియాటిక్ యాసిడ్ అంటారు, ఈతకొలనుల దుకాణాల్లో దొరుకుతుంది. మన దగ్గర బాత్రూం గచ్చు మీద పోసేది అదే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. డ్రమ్ములో పోయగానే భుగభుగమని నురగ పొంగుతుంది. అక్కడ గృహస్థు మొహం చూడాలి. అభిషేకం చేస్తున్న అర్చకుడి మొహంలో కూడా అంత తన్మయత్వం కనబడదు. 'చూశారా, మురికి ఎలా వస్తోందో!' అంటాడు.

అది మురికి కాదు. రాయే. సున్నపురాయి ఆమ్లంలో కరిగి కార్బన్ డయాక్సైడుగా పోతుంటే వచ్చే నురగ అది. తొమ్మిదో తరగతి లెక్క. కిలో రాయి పూర్తిగా కరగడానికి, నీళ్లు కాక, 730 గ్రాముల ఆమ్లం చాలు. 440 గ్రాముల కార్బన్ డయాక్సైడు గ్యారేజీలోకి పోతుంది. డబ్బిచ్చి కొన్నదే కరిగి పోతుంటే మైల పోతోందని మురిసిపోవడం చూడముచ్చటగా ఉంటుంది. యాసిడ్ వల్ల ఉపయోగం బొత్తిగా లేదనడం కూడా అబద్ధమే. పైపొరతోపాటు ఆ పొరను పట్టుకున్న ఫాస్ఫేటూ కాస్త పోతుంది. కాని సందుల లోపలికి వెళ్లేసరికే ఆమ్లం పైన ఖర్చయిపోతుంది. లోపల పేరుకున్నది లోపలే ఉంటుంది.

ఈ ఫాస్ఫేటే అసలు పేచీ. రాళ్లమ్మిన పెద్దమనిషి ఏళ్ల తరబడి తన చేపలకు ప్రేమగా వేసిన మేతలోని ఫాస్ఫేటు కొంత కొంతగా రాతికి అంటుకుని కూర్చుంది. కొత్త నీళ్లలో పెట్టగానే నెమ్మదిగా బయటికొస్తుంది. నీళ్లకూ రాతికీ సమతూకం కుదిరేదాకా వస్తూనే ఉంటుంది. పగడాలు పెంచేవాళ్లు లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉంచాలని తంటాలు పడుతుంటే, పాత రాళ్లు నానబెట్టిన డ్రమ్ములో అది ఒకటి దాటడం వింత కాదు. నాచుకు అది పరమాన్నం. బ్లీచ్ దాన్ని ఏమీ చేయలేదు. ఫాస్ఫేటుకు ప్రాణం లేదు, కనక చావదు. ప్రాణమున్న ప్రతిదాన్నీ వెంటాడి చంపిన మనిషి, ప్రాణం లేని ఈ ఒక్కదాన్నీ పట్టించుకోడు. నీళ్లలో ఫాస్ఫేటు ఎంతుందో కొలిచే చిన్న కిట్టు బ్లీచ్ డబ్బా పక్కనే, సీలు తీయకుండా, అలాగే ఉంటుంది.

ఇంకో మాట. బ్లీచ్ పూర్తిగా కడగకుండా దాని మీద యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర దగ్గర జర్మన్లు శత్రుసైన్యం మీదికి వదిలింది అదే వాయువు. గ్యారేజీ తలుపు మూసి ఉంటే శత్రువు ఇంట్లోవాళ్లే అవుతారు.

నవ్వాపుకుని చెప్పాల్సింది మరొకటుంది. కొందరు రాళ్లను ఉడకబెడతారు. వంటింట్లో, అన్నం గిన్నె పక్క పొయ్యి మీద. పాత రాళ్ల మీద ఒకప్పుడు జోయాంథిడ్లనే గుండీల్లాంటి పగడపు చుట్టాలు పెరిగి ఉండవచ్చు. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే విషాల్లో అతి ఘోరమైన వాటిలో ఒకటి. ఎండితే పోదు, మరిగిస్తే విరగదు, ఆవిరితోపాటు తుంపరలై లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2012 నుంచి 2014 దాకా అలాస్కాలో అక్వేరియం దుకాణాల్లోనూ ఇళ్లల్లోనూ ఇలా జబ్బుపడ్డవాళ్ల వివరాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రచురించింది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంటాయన ట్యాంకు శుభ్రం చేయబోతే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లని ఆదుకోవడానికి వెళ్లిన సిబ్బందికీ ఆసుపత్రి తప్పలేదు.

హవాయి ద్వీపవాసులకు ఈ విషం సంగతి ఎప్పుడో తెలుసు. మావీ దీవిలో హానా దగ్గర ఒక మడుగులోని 'నాచు'ను యోధులు బల్లేలకు పూసుకునేవారు. దాని జోలికి వెళ్తే అరిష్టమని అక్కడివాళ్ల నమ్మకం. 1961 డిసెంబరు 31న శాస్త్రజ్ఞులు దాని నమూనా సేకరించారు. అదే రోజు వాళ్ల ప్రయోగశాల తగలబడింది. కాకతాళీయమే అనుకోండి. అయినా వాళ్లు మానలేదు. అది నాచు కాదనీ జోయాంథిడ్ అనీ తేల్చారు. ఆ విషాన్ని వేరుచేసిన సంగతి మూర్, షాయర్ 1971లో ప్రకటించారు. హానా ప్రజలది మూఢనమ్మకం అనవచ్చు. కాని వాళ్లు ఆ రాళ్లను పులుసు గిన్నెలో వేసి ఉడకబెట్టలేదు.

ఓవెన్‌లో కాల్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి ఎక్కువ చెప్పను. సున్నపురాయి సున్నం కావాలంటే 800 డిగ్రీలు దాటాలి. కేకులు చేసే ఓవెన్‌లో అది జరగదు, కంపు మాత్రం వస్తుంది. ఆ తర్వాత దసరా దాకా ఆ ఓవెన్‌లో చేసిన ఏ కేకునూ ఎవరూ ముట్టరు.

ఇన్ని శుద్ధులయ్యాక రాయి తెల్లగా, ఏ వాసనా లేకుండా, పరమ నిర్మలంగా తయారవుతుంది. ఆ ఘట్టంలో డాలస్ పక్క ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది నాకు ఫోన్ చేశాడు.

"బావా, రాయి రెడీ అయింది."

"సంతోషం. ట్యాంకులో పెట్టెయ్ మరి."

"అలా పెట్టకూడదు. అందులో జీవం లేదు కదా."

"ఎందుకు లేదు?"

"చంపేశాను కదా."

"ఎందుకు చంపావురా?"

"అందులో ఏముందో మనకి తెలీదు కదా బావా."

"మరిప్పుడు?"

"జీవం ఆర్డర్ పెట్టాను. మంగళవారం వస్తుంది."

మంగళవారం వచ్చింది. మొదటి సీసాలో నైట్రిఫై చేసే బాక్టీరియా. అది పోసి రాయికి ప్రాణప్రతిష్ఠ చేశాడు. రెండో సీసాలో కోపెపాడ్లు, కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి నలుసులు. ఏ పురుగు ఉండకూడదని బ్లీచ్ పోశాడో ఆ పురుగుల దాయాదులే, కాకపోతే రశీదుతో వచ్చాయి. ఆ తర్వాత ఒక సంచీలో సముద్రపు బురద. మన భాషలో చెప్పాలంటే మైల, తపాలాలో. చివరికి రాయి తెల్లగా ఉండడం బాగోలేదని, ఊదారంగు వేసి అమ్మే రాళ్లు నాలుగు తెప్పించాడు. సముద్రంలో రాళ్ల మీద ఆ ఊదారంగు ఒకరకం సున్నపు నాచు ఏళ్ల తరబడి పరుచుకుంటే వస్తుంది. తన రాళ్ల మీద ఎండిపోయి ఉన్న ఆ పొరనే మావాడు యాసిడ్‌తో గీకి పారేశాడు. ఇప్పుడు దాని రంగు కొనుక్కున్నాడు.

సీసాలన్నీ బూటకమని నేననను. అమ్మోనియా దారి తెలిసినవాళ్లు వాటి వెనక ఉన్నారు. మంచినీటి అక్వేరియాల్లో నైట్రైట్‌ను మార్చే పని చాలావరకు నైట్రోస్పైరా జాతిదని 1998లో హోవనెక్ తదితరులు తేల్చాక, కొన్ని సీసాల్లో సరైన జాతులే వస్తున్నాయి. అవి పోస్తే పని కొన్ని వారాలు ముందే అవుతుంది. పోయకపోయినా అవుతుంది. గాల్లోంచి, నీళ్లలోంచి, చేతుల మీదనుంచి, ఎక్కణ్నుంచో అవి వచ్చి చేరతాయి. పిలవకుండా వచ్చేవాళ్లను గుమ్మంలోనే తిప్పి పంపించేసి, డబ్బిచ్చి అద్దె చుట్టాలను పిలిపించుకోవడమే నాకు అర్థం కాలేదు.

ఇదంతా అయ్యాక మొదలవుతుంది అసలు తమాషా. మూడో వారం రాళ్ల మీద గోధుమరంగు బూజు, డయాటమ్‌లు. అవి పోయాక ఎర్రటి జిగురు దుప్పటి, సయనోబాక్టీరియా. కొందరి అదృష్టం బాగుంటే ఆ తర్వాత డైనోఫ్లాజెల్లేట్లు, చీమిడి తీగలు, వాటి చివర గాలి బుడగలు. ఎందుకు రావు? పాత రాయి మీద ప్రతి అంగుళం మీదా ఎవరో ఒకరు కాపురముండేవారు. వాళ్లందరినీ ఖాళీ చేయించాక, జాగా ఖాళీగా దొరికితే ముందొచ్చినవాడిదే. ఈ దశ పాడు దశే, కాని దాటిపోయే దశ. మావాడికి అలా కనిపించలేదు. రాయి శుద్ధి సరిగా జరగలేదనిపించింది. 'యాసిడ్ ఇంకో పూట ఉంచాల్సింది బావా' అన్నాడు, పెళ్లిలో ముహూర్తం తప్పిపోయినంత బాధగా. రాళ్లు మళ్లీ డ్రమ్ములోకి వెళ్లాయి.

మరేం చేయాలని అడిగేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర పెద్ద రహస్యమేమీ లేదు. చేతికొచ్చే ఎండు చెత్తను పీకి, తోమి, కుళాయి కింద కడగాలి. బాగా గబ్బుగా ఉంటే ఒక్కసారి బ్లీచ్, ఒక్కసారే. ఆపైన డ్రమ్ములో ఉప్పునీళ్లు, లీటరుకు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం. అడుగున నీళ్లు తిప్పే ఒక పవర్‌హెడ్, 26 డిగ్రీల దగ్గర పెట్టిన ఒక హీటరు, పైన మూత. వెలుతురు లేకపోతే నాచు పెరగదు, బాక్టీరియాకు వెలుతురుతో పనిలేదు. వాటికి తినడానికి కాస్త అమ్మోనియా. వారానికోసారి ఆ సీలు తీయని కిట్టు సీలు తీసి ఫాస్ఫేటు చూడాలి. ఎక్కువుంటే నీళ్లు మార్చాలి. ఎన్ని మార్చినా మొండికేస్తే లాంథనం క్లోరైడు అని ఒకటుంది, ఈతకొలనులవాళ్లు వాడేది. నీళ్లలోని ఫాస్ఫేటును పట్టుకుని తెల్లటి మడ్డిగా దింపేస్తుంది. డ్రమ్ములోనే వాడాలి, చేపలున్నచోట కాదు. పనంతా రెండు మూడు నెలలు పడుతుంది. అందులో మనిషి చేయాల్సింది మొత్తం కలిపి ఒక పూట పని. మిగతాదంతా మూత తీయకుండా ఉండడం. ఆ మిగతాదే మావాడి వల్ల కావడం లేదు. మూత మూసి కూర్చోవడానికి తొడుగులు అక్కర్లేదు, అద్దాలు అక్కర్లేదు, ఏ దుకాణంలోనూ కొనాల్సిందేమీ లేదు. చేశానని నలుగురికి చూపించుకోవడానికి ఫొటో కూడా రాదు.

ఈ వ్యవహారం అమెరికా గ్యారేజీలతో ఆగలేదు. హైదరాబాద్ ఫ్లాట్లలోనూ ఉప్పునీటి ట్యాంకులు వెలిశాయి. ఇక్కడివాళ్లకు శుద్ధికంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి ఉన్నాయి, పులితోపాటు. బతికున్నదా, చచ్చిందా, ఎండిందా, బ్లీచ్ చేసిందా అని ఆ చట్టం అడగదు. దొరికితే మూడేళ్లకు తగ్గని జైలు. వాస్తు బాగుంటుందని గుమ్మం మీద ఫ్రేము కట్టించి 'ఇంద్రజాలం' వేలాడదీసుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అది ఏ అడవి వేరూ కాదు, సముద్రపు విసనకర్ర అనే పగడపు జాతి. కాబట్టి బేగంబజారులోనో, కార్ఖానాలోనో ఎవరైనా 'పాతదే సార్, ఎండిపోయింది, ఏం ఫర్వాలేదు' అని సంచీలోంచి తెల్లటి రాయి తీస్తే, దాని ఫాస్ఫేటు గురించి ఆలోచించక్కర్లేదు. దానికి బదులు ఇక్కడ పింగాణీ రాళ్లు, సిమెంటు రాళ్లు ఉన్నాయి. సిమెంటువి కొన్నాళ్లు నీళ్లలో నానాలి, లేకపోతే నీళ్లలో క్షారం పుట్టుకొస్తుంది. బాక్టీరియాకు కులగోత్రాల పట్టింపు లేదు, ఏ రాయైనా సందులుంటే చాలు.

మా బావమరిదికి మాత్రం ఒక్క సలహా ఇచ్చాను. ఈ సీసాలూ సంచులూ మానేసి, పక్క వీధిలో ఆరేడేళ్లుగా ట్యాంకు నడుపుతున్న వాళ్ల స్నేహితుడి దగ్గర గుప్పెడంత రాయి ముక్క అడిగి తెచ్చుకోమన్నాను. దాని మీద ఊదా నాచు, గొట్టపు పురుగులు, కోపెపాడ్లు, నీకు కావలసిన ప్రతి జాతి బాక్టీరియా ఊరికే వస్తాయి, నీ రాళ్ల మధ్య పెట్టు, అదే పాకుతుంది అన్నాను. వాడు చాలా సేపు ఆలోచించి సరేనన్నాడు. వారం తర్వాత నేనే ఫోన్ చేశాను.

"అడిగావా?"

"అడిగాను బావా, ఇచ్చాడు. భలే ముక్క. నిండా పురుగులే."

"పెట్టావా మరి ట్యాంకులో?"

"ఇంకా లేదు. వాడి ట్యాంకులో ఏముందో మనకి తెలీదు కదా, ముందు జాగ్రత్తకని ఓ రెండు రోజులు బ్లీచ్‌లో వేశాను."